మా నాన్నది ఈ ఊరేనట: ‘పెద్రో పారమో’ తెలుగు చేస్తుంటే

ఈ నవల మొదటి వాక్యం స్పానిష్‌లో 15 మాటలు. దాని దగ్గర నేను 11 రోజులు కూర్చున్నాను.

అర్థం కాక కాదు. స్పానిష్ క్లాసులో చేరి నెలైనవాళ్ళకి కూడా అర్థమవుతుంది. కొమాలాకి వచ్చాను, మా నాన్న ఇక్కడ ఉంటాడని చెప్పారు గనక, పెద్రో పారమో అని ఎవరో. అంతే. కానీ అందులో ‘వివీయా’ అనే క్రియ ఉంది. చెప్పినవాళ్ళు ‘ఉంటాడు’ అన్నారా ‘ఉండేవాడు’ అన్నారా అనేది ఆ క్రియ తేల్చదు. రెంటికీ అదే రూపం. తెలుగులో తేల్చకుండా కుదరదు. ‘ఉంటాడట’ అని రాస్తే మనిషి బతికున్నాడు. ‘ఉండేవాడట’ అని రాస్తే ఊరొదిలి వెళ్ళిపోయాడు, లేదా పోయాడు. కాసేపటికి గాడిదలు తోలుకెళ్ళే ఒక మనిషి నోట పాఠకుడు వినాల్సిన కబురుని నేను మొదటి లైన్లోనే అప్పజెప్పేసినదాన్ని అవుతాను.

నేను స్పానిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. ఇల్లు గడవడానికి మందుల కంపెనీల కాగితాలు, ఇష్టంకొద్దీ కథలు. ఇది అచ్చు కాబోయే పుస్తకం సంగతి కాదు, దీని హక్కులు నా దగ్గర లేవు. ఒక ప్రచురణకర్త “ముందు ఓ నలభై పేజీలు చేసి చూపించండి, హక్కుల సంగతి తర్వాత చూద్దాం” అంటే చేసిన నమూనా ఇది. మొదటి ముప్ఫై పేజీలు, మధ్యలో సమాధిలోని సంభాషణ, చివరి రెండు పేజీలు. ఎక్కడ బోల్తా పడ్డానో, ఎలా లేచానో, ఏది ఇంకా తెగలేదో రాసిపెడితే ఇలాంటి పని నెత్తినేసుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

పుస్తకం ఏమిటి

హువాన్ రూల్ఫో 1917లో మెక్సికో పడమటి వైపున్న హలిస్కో రాష్ట్రంలో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు, 1923లో, తండ్రిని చంపేశారు. మరో నాలుగేళ్ళకి తల్లి పోయింది. ఆ తర్వాత గ్వాదలహారాలో అనాథాశ్రమం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1926 నుంచి 1929 దాకా, ఆ ప్రాంతమంతా క్రిస్తెరోల యుద్ధంలో ఉంది. చర్చి మీద ఆంక్షలు పెట్టిన ప్రభుత్వం ఒకవైపు, క్రీస్తు పేరు చెప్పి తుపాకులు పట్టిన పల్లెజనం ఇంకోవైపు. ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. పెద్దయ్యాక రూల్ఫో వలసల శాఖలో గుమాస్తాగా చేశాడు, టైర్ల కంపెనీ సేల్స్‌మన్‌గా ఊళ్ళు తిరిగాడు, ఎక్కడికి వెళ్ళినా ఫోటోలు తీశాడు. 1953లో కథల పుస్తకం, 1955లో ఈ నవల. మొదటి ముద్రణ 2000 కాపీలు. 1986లో చనిపోయేదాకా, 1980లో వచ్చిన ఒక చిన్న నవల తప్ప చెప్పుకోదగ్గ కల్పన మరేదీ అచ్చుకి ఇవ్వలేదు. చివరి ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆదివాసీల కోసం పెట్టిన ఒక ప్రభుత్వ సంస్థలో పుస్తకాలు ఎడిట్ చేస్తూ గడిపాడు.

కథ చెబితే నాలుగు ముక్కలే. హువాన్ ప్రెసియాదో తల్లి దొలోరెస్ చనిపోతూ, మీ నాన్న దగ్గరికి వెళ్ళు, అడుక్కోవద్దు, మనకి రావాల్సింది వసూలు చెయ్యి అంటుంది. అతను కొమాలాకి వస్తాడు. ఊళ్ళో మనుషులు లేరు, గొంతులున్నాయి. మాట్లాడినవాళ్ళంతా ఎప్పుడో చనిపోయినవాళ్ళని ఒక్కొక్కరి గురించే తెలుస్తుంది. సగం పుస్తకం అయ్యేసరికి అతనూ చనిపోతాడు. మనం మొదటి నుంచీ వింటున్నది సమాధిలోంచి చెబుతున్న మాట అని అప్పుడు అర్థమవుతుంది. మిగతా సగం పెద్రో పారమోది. భూములు కబళించినవాడు, ఎందరికో తండ్రైనవాడు, సుసానా సాన్ హువాన్ ఒక్కదాన్నే ప్రేమించినవాడు. ఆవిడ చనిపోయినప్పుడు రోజుల తరబడి గంటలు మోగాయి. ఆ మోతకి పక్క ఊళ్ళవాళ్ళొచ్చి తిరునాళ్ళ చేసుకున్నారు. ఆ కోపంతో చేతులు కట్టుకుని కూర్చుని ఊరిని ఆకలితో చంపేశాడు.

ఇదంతా డెబ్భై దాకా ముక్కల్లో ఉంటుంది. ఎడిషన్‌ని బట్టి లెక్క ఒకటీ అరా మారుతుంది. అధ్యాయాల పేర్లు లేవు, తేదీలు లేవు, ఎవరు మాట్లాడుతున్నారో చెప్పరు. ముక్కకీ ముక్కకీ మధ్య కాస్త ఖాళీ జాగా, అంతే.

1961లో మెక్సికో సిటీకి చేరిన కొలంబియా రచయిత గార్సియా మార్క్వెజ్‌కి మిత్రుడు ఆల్వారో ముతిస్ ఈ పుస్తకం చేతిలో పెట్టి, చదివి నేర్చుకోమన్నాడు. ఆ రాత్రే రెండుసార్లు చదివాడట. తర్వాత లాటిన్ అమెరికా నవల మీద మ్యాజికల్ రియలిజం (మామూలు బతుకులో మాయలు కూడా మామూలుగానే జరిగిపోయే రాత) అనే చీటీ పడ్డాక, దాన్ని వెనక్కి తెచ్చి దీనికీ అతికించారు. ఆ చీటీ నాకు మొదట్లో చాలా చెడు చేసింది. అదెలాగో చెబుతాను.

మొదటి డ్రాఫ్ట్: దయ్యాలు

మ్యాజికల్ రియలిజం అన్న మాట బుర్రలో పెట్టుకుని కూర్చున్నాను గనక మొదటి డ్రాఫ్ట్‌లో ఎక్కడ చూసినా ‘దయ్యం’, ‘ప్రేతాత్మ’, ‘అదృశ్యమైపోయింది’. ఊరి మొదట్లో శాలువా కప్పుకున్న ఒక ఆవిడ హువాన్ ఎదురుగా కనబడి, లేనట్టే పోతుంది. నేను దాన్ని ‘మాయమైపోయింది’ అని రాశాను. చదివిన మా తమ్ముడు “అక్కా, ఇది హారరా? మరి భయం వెయ్యట్లేదేంటి?” అన్నాడు. వాడు 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన రొద్రీగో ప్రియెతో సినిమా చూశాడు. సినిమాలో మనిషి ముఖం కనిపిస్తుంది, కాబట్టి గొంతు ఎవరిదో తెలిసిపోతుంది. పుస్తకంలో ఆ వెసులుబాటు లేదు.

మూలానికి వెళ్ళి మళ్ళీ చూశాను. రూల్ఫో మనల్ని భయపెట్టాలని చూడడు. మనుషులు మాట్లాడినంత మామూలుగా మాట్లాడిస్తాడు. ఎదువిహెస్ అనే ఆవిడ ఇంట్లో హువాన్ దిగుతాడు. నువ్వు ఈరోజు వస్తావని మీ అమ్మ కబురు చేసిందని ఆవిడ అంటుంది. మా అమ్మ చనిపోయిందండీ అంటాడు ఇతను. ఆవిడ ఉలిక్కిపడదు. నా డ్రాఫ్ట్‌లో ఒక్క దెబ్బకి కుదిరిన వాక్యం ఇదొక్కటే: “ఓహో, అందుకన్నమాట గొంతు అంత నీరసంగా వినిపించింది.” ఆ ‘అన్నమాట’ని మన పెద్దవాళ్ళు కరెంటు పోయిన కారణం తెలిసినప్పుడు వాడతారు. చావు కబురుకి కూడా అంతే తేలిగ్గా వాడేసింది ఆవిడ.

ఇంకా ఉంది. హువాన్‌ని ఊళ్ళోకి తీసుకొచ్చినవాడు అబుందియో అని తెలిశాక ఎదువిహెస్, వాడికి చెవుడు కదా అంటుంది. నీటిపాముల్ని బెదరగొట్టే తారాజువ్వ ఒకటి నెత్తి దగ్గర పేలి చెవులు పోయాయట. నాతో మాట్లాడినాయనకి బాగానే వినబడింది అంటాడు హువాన్. అయితే వాడు కాదులే, పైగా వాడు పోయాడు కూడానూ అంటుంది. కథ ఈ ‘పైగా’ మీద నడుస్తోంది. దయ్యం అన్న మాట ఒక్కటి పడినా అది చచ్చిపోతుంది.

రెండో డ్రాఫ్ట్‌లో ‘దయ్యం’ అన్న మాట మొత్తం తీసేశాను. దాని స్థానంలో ఏం పెట్టాలి అన్నప్పుడు మా పై అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరమ్మగారు ఆదుకున్నారు. ఆవిడది గుంటూరు జిల్లాలో కథోలిక కుటుంబం. మూలంలో ఉన్నది ‘ఆనిమాస్ ఎన్ పెనా’ అనే భావన. పాపక్షమాపణ దొరక్క, పైకీ పోలేక, కిందికీ పోలేక తిరిగే ఆత్మలు. నేను చర్చి మాటలన్నీ నిఘంటువులోంచి ఏరి పెట్టుకున్నాను. ఆవిడ పెన్సిల్ తీసుకుని కొట్టేస్తూ వచ్చారు. “ఇదేంటమ్మా, ‘పాపాల ఒప్పుకోలు’? పాపసంకీర్తనం అంటాం. ఊరి ఫాదర్‌ని విచారణ గురువులు అంటాం. నువ్వు రాసిన ఈ ‘శుద్ధి లోకం’ ఎక్కడిది? ఉత్తరించు స్థలం. అక్కడున్న ఆత్మల కోసం నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి ప్రార్థన చేస్తాం.”

అదే నవంబరు 2న మెక్సికోలోనూ చనిపోయినవాళ్ళ పండగ. అక్కడ సమాధుల మీద బంతిపూలు పోస్తారు. బంతి పుట్టిందే మెక్సికోలో. ఇది నవలలో లేదులెండి, రూల్ఫోకి ఆ రంగుల పండగతో పనే లేదు. కానీ టీచరమ్మగారి మాటలు పడ్డాక ఫాదర్ రెంతెరియా నాకు మనిషిలా కనిపించడం మొదలైంది. తన తోడబుట్టినవాణ్ణి చంపినవాడని, అతని కూతుర్ని పాడు చేసినవాడని తెలిసీ పెద్రో పారమో కొడుకు మిగెల్ శవం దగ్గర ప్రార్థన చెయ్యాల్సి వచ్చిన గురువు ఆయన. పెద్రో పారమో అక్కడ పెట్టిన గుప్పెడు బంగారు నాణేలు తీసుకుంటాడు. ఎదువిహెస్ ఆత్మహత్య చేసుకుంటే మాత్రం, డబ్బులేని తోబుట్టువు వచ్చి ఏడ్చినా, ప్రార్థన దక్కదు. ఊరంతా ఆత్మలు తిరగడానికి ఇంతకంటే మంత్రం అక్కర్లేదు. పాపక్షమాపణకి రేటు ఉంది, ఊళ్ళోవాళ్ళ దగ్గర డబ్బు లేదు.

దొరగారు

రెండో పెద్ద తప్పు నేను గర్వంగా చేసింది. పెద్రో పారమో ఆసామి. మెదియా లూనా అనే అతని ఎస్టేటు, గుమాస్తా ఫుల్గోర్ సెదానో, అప్పు ఎగ్గొట్టడానికి చేసుకున్న పెళ్ళి (ఆ పెళ్ళికూతురే దొలోరెస్), సరిహద్దు తగాదా పెట్టినవాణ్ణి గదిలో ఉరేయించడం. చదువుతుంటే నాకు వేరే మాట తట్టలేదు: దొర. మెదియా లూనాని ‘గడీ’ చేశాను. అబుందియోతో తెలంగాణ మాట మాట్లాడించాను. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది.

నల్గొండ మిత్రుడొకాయన, కథలు రాస్తారు, ఫోన్ చేశారు. “ఇది మా దిక్కు కథే గదా మేడం! మంచిగుంది. మరి సంఘం ఎప్పుడొస్తది?”

ఆయన పొగిడారు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. దొర, గడీ అంటే తెలుగు పాఠకుడు తర్వాత ఏం జరగాలో తెలిసినవాడు. గడీ తలుపులు బద్దలవ్వాలి. రూల్ఫో నవలలో విప్లవం నిజంగానే వస్తుంది, సాయుధులు మెదియా లూనాకే వస్తారు. పెద్రో పారమో వాళ్ళకి అన్నం పెట్టి, ఎంత కావాలో అడిగి, అడిగినదానికంటే ఎక్కువగా లక్ష పెసోలు ఇస్తానంటాడు, 300 మంది మనుషుల్ని కూడా అప్పిస్తానంటాడు. ఆ మనుషులకి నాయకుడు తన మనిషే, తిల్క్వాతె. విప్లవాన్ని కొనేసుకున్నాడు. తర్వాత క్రిస్తెరోల వంతు వచ్చినప్పుడు తిల్క్వాతె ఫాదర్ రెంతెరియా పక్షాన పోతాడు. అది మెక్సికో చరిత్ర మీద రూల్ఫో తీర్పు. నా ‘దొర’ ఆ తీర్పుని పక్కకి నెట్టి, దాని జాగాలో మన చరిత్రని కూర్చోబెట్టింది.

దొర పోయాడు. గడీ పోయింది. మెదియా లూనా, అంటే అర్ధచంద్రుడు, పేరు పేరులాగే ఉంచాను. గౌరవవాచకం దగ్గర ఇంకో తిరకాసు వచ్చింది. స్పానిష్‌లో ‘దోన్ పెద్రో’ అంటారు. ఇంగ్లీషు మీదుగా వస్తే అది ‘డాన్ పెడ్రో’ అవుతుంది. తెలుగువాడికి డాన్ అంటే దుబాయ్‌లో కూర్చుని ఫోన్లో బెదిరించే సినిమా విలన్. స్పానిష్‌లో ‘ద’, ‘త’ మన ‘ద’, ‘త’లే, నాలిక పళ్ళకి తగిలే శబ్దాలు. ఈ విషయంలో ఇంగ్లీషు కంటే తెలుగు లిపే మూలానికి దగ్గర. అందుకని దోన్ పెద్రో. మాండలికం కూడా ఒక ప్రాంతానిది తీసేసి, పల్లెటూరి మాట అనిపించేలా పొట్టి వాక్యాలతో సరిపెట్టాను. ఇది నాకు పూర్తిగా నచ్చిన పరిష్కారం కాదు. అబుందియో మాట చప్పబడింది, ఒప్పుకుంటాను.

పేరు అర్థం మాత్రం పుణ్యానికి దొరికింది. పెద్రో అంటే పీటర్, మన బైబిల్లో పేతురు, అంటే బండ. పారమో అంటే ఏమీ పండని బీడు. నవల చివరి వాక్యంలో ఈ మనిషి రాళ్ళకుప్పలా రాలిపోతాడు. పేతురు అంటే రాయని చర్చికి వెళ్ళే తెలుగువాళ్ళకి ఎటూ తెలుసు. మిగతావాళ్ళ కోసం ‘బీడు’, ‘రాయి’ అన్న రెండు మాటలు మొదటి నుంచీ వేరే సందర్భాల్లో చల్లుకుంటూ వచ్చాను. ఊరి పేరు కొమాలాలో ‘కొమాల్’ ఉంది, మొక్కజొన్న రొట్టెలు కాల్చే పెనం. ఆగస్టు ఎండలో కొండ దిగుతూ అబుందియో, ఇదేం వేడి, ఊళ్ళోకి వెళ్ళాక చూడండి, అది నిప్పుల మీద ఉన్న ఊరు అంటాడు. అక్కడ చచ్చి నరకానికి వెళ్ళినవాళ్ళు కూడా దుప్పటి కోసం వెనక్కి వస్తారట. ‘పెనం మీది ఊరు’ అన్న ముక్క అక్కడ ఇరికిద్దామనుకున్నాను. ఆ జోకు అబుందియోది, నాది కాదు కదా అని మానేశాను.

ఎవరు మాట్లాడుతున్నారు

అసలు పోరు ఇక్కడ. ఈ నవలలో కథని నడిపేది రూల్ఫో చెప్పకుండా వదిలేసినవి. తెలుగు వ్యాకరణానికి నోట్లో నువ్వుగింజ నానదు. స్పానిష్‌లో ‘వచ్చె’ అని ఒక్క మాట రాస్తే వచ్చింది మగో ఆడో తెలియదు. కర్త రాయక్కర్లేదు, క్రియకి లింగం లేదు. తెలుగులో వచ్చాడు, వచ్చింది, వచ్చారు. ఒక్క అక్షరంలో లింగం, మర్యాద రెండూ బయటపడిపోతాయి. అన్న, తమ్ముడు అంటే వయసు కూడా.

దానికి నాకు దొరికిన మొదటి తాళం ‘ఎవరో పిలిచారు’. ఆ ‘-రు’ మర్యాదకా, బహువచనానికా, ఆడా, మగా ఏమీ చెప్పదు. వీధిలో వినబడే గొంతులన్నీ దీంతో నడిపించాను. రెండోది అనుకోకుండా దొరికింది. తెలుగులో ఆడమనిషికీ, వస్తువుకీ క్రియ ఒకటే: ఆవిడ వచ్చింది, గాలి వచ్చింది, సద్దు వచ్చింది. మామూలుగా దీనికి మనం సిగ్గుపడాలి. ఇక్కడ మాత్రం పనికొచ్చింది. ‘దగ్గరకొచ్చింది. చెవిలో ఏదో అంది. పోయింది.’ ఆవిడా, గాలా? పాఠకుడు తేల్చుకోలేడు, హువాన్ కూడా తేల్చుకోలేడు.

చుట్టరికాల దగ్గర ‘తోబుట్టువు’ కాపాడింది. దోనిస్ అనేవాడు, అతని తోడబుట్టిన ఆవిడ, ఇద్దరూ పాడుబడ్డ ఇంట్లో మొగుడూపెళ్ళాల్లా బతుకుతుంటారు. అక్కా, చెల్లా? మూలంలో ఉన్న మాటకి పెద్దాచిన్నా తేడా లేదు. ‘తోడబుట్టింది’ అంటే వయసు చెప్పక్కర్లేదు, పైగా ఆ మాటలో ‘తోడు’ ఉండటం వల్ల గుచ్చుకుంటుంది కూడా. అబుందియో తానూ పెద్రో పారమో కొడుకునే అన్నప్పుడు హువాన్‌కి అతను అన్నో తమ్ముడో తెలియదు. ఇద్దరూ ఒకరినొకరు ‘మీరు’ అనుకుంటూనే సాగుతారు. కానీ అబుందియో ఒక మాటంటాడు: మన అమ్మలు మనల్ని చాపల మీదే కన్నారు, ఆయన కొడుకులమై ఉండి కూడా. మెక్సికోలో పెతాతె అంటారు, తాటిజాతి ఆకులతో అల్లిన చాప. మన చాపే. ఇక్కడ తెలుగు స్పానిష్‌కి లేనిదొకటి అడుగుతుంది: ‘మా అమ్మలు’ అనాలా, ‘మన అమ్మలు’ అనాలా? ‘మా’ అంటే ఎదుటివాడు బయట. ‘మన’ అంటే లోపలికి లాగేసినట్టే. ‘మన’ రాశాను. అన్న అని పిలవకుండానే తోబుట్టువుని చేసేసుకున్నాడు.

సమాధి సంభాషణ గురించి నేను నెలల తరబడి భయపడ్డాను. హువాన్ చనిపోయి, ఒక ముసలావిడతో పాటు ఒకే గోతిలో ఉన్నాడు. అతని చేతుల మధ్య ఖాళీలో తను సరిగ్గా సరిపోయానంటుంది ఆవిడ. హువాన్ మాత్రం ఆ పక్కనున్నది మగవాడనుకుని దొరొతెయో అని పిలుస్తాడు. నా పేరు దొరొతెయా, ఏదైతేనేంలే అంటుంది. తెలుగులో ఈ పొరపాటు సాధ్యమా అనుకున్నాను. రాస్తే చేత్తో తీసేసినట్టు వచ్చింది, ఎందుకంటే ఉన్నది ఇద్దరే. నేను, నువ్వు. ‘చచ్చిపోయాను’, ‘విన్నావా’. ఉత్తమపురుషకీ మధ్యమపురుషకీ తెలుగులో లింగం లేదు. మర్యాద సంగతి? ఒకే గోతిలో పడుకున్నాక ‘మీరు’ ఎవరు అంటారు. అక్కడ మొదటిసారి హువాన్ చేత ‘మనం’ అనిపించాను. ఊళ్ళో ఎవరితోనూ అతను ఆ మాట అనలేదు.

హువాన్ తన చావుకి కారణం చెప్పేది కూడా ఇక్కడే. నన్ను చంపింది ‘ముర్ముయోస్’ అంటాడు. నవలకి ఒక దశలో అనుకున్న పేరు అదే. గొణుగుడు, సణుగుడు, గుసగుసలు, సద్దు అన్నీ రాసి చూశాను. గుసగుసల్లో చాడీల వాసన ఉంది, ఊరిపెద్ద ఇంటి పనిమనుషులు పెరట్లో చేరినట్టు. ఆ వాసన ఉంటేనే మంచిదనిపించి ఉంచేశాను. ఎంతైనా పల్లెటూరు.

ఇక ‘అట’. స్పానిష్‌లో విన్న మాటని విన్నట్టు చెప్పడానికి ప్రతిసారీ ‘చెప్పారు’, ‘అంటారు’ అని విడిగా క్రియ వాడాలి. మెక్సికో వాడుకలో ‘దిస్కే’ ఉంది గానీ అది ఎక్కువగా వెక్కిరింపు వైపు మొగ్గుతుంది. మనకి రెండక్షరాల ‘అట’ ఉంది, ఈ నవలంతా విన్న మాటే. దొరికింది కదా అని మొదట్లో ప్రతి లైనుకీ తగిలించాను. చదివితే అమ్మమ్మ అరుగు మీద కూర్చుని అనగనగా అంటున్నట్టు తయారైంది. తర్వాత పేజీకి ఒకటికి మించి ఉండకూడదని నియమం పెట్టుకున్నాను. మొదటి వాక్యంలో ఒకటి మాత్రం ఖాయం.

ఆ మొదటి వాక్యం చివరికి ఇలా తేలింది: “కొమాలాకి వచ్చాను, మా నాన్నది ఈ ఊరేనని చెబితే. ఎవరో పెద్రో పారమో అట.” క్రియ లేని తెలుగు వాక్యానికి కాలం ఉండదు. ‘మా నాన్నది ఈ ఊరే’ అని బతికున్నవాడి గురించీ అంటాం, పోయినవాడి గురించీ అంటాం. పదకొండో రోజు కూరగాయల దగ్గర ఎవరో “మాది తెనాలేనండీ” అంటుంటే వెలిగింది. ‘ఈ ఊరు’ కూడా కావాలనే పెట్టాను. మూలంలో ‘ఇక్కడ’ అని ఉంది. మాట్లాడేవాడు కొమాలాలోనే ఉన్నాడు, ఇంకా కదల్లేదు, ఇక కదలడు. ఇంగ్లీషులో వచ్చిన మూడు అనువాదాల్లో, 1994 నాటి దాంట్లో, అది ‘అక్కడ’ అయింది. చిన్న మాటే. కానీ ఆ ఒక్క మాటతో హువాన్ సమాధిలోంచి లేచి ఎక్కడో కుర్చీలో కూర్చుని చెబుతున్నట్టయింది.

డీటీపీలో పోయినవి

ఇదంతా సర్దుకున్నాక అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ప్రచురణకర్త నమూనాని పేజీలుగా కంపోజ్ చేయించారు. నేను యూనికోడ్‌లో ఇచ్చిన ఫైలుని వాళ్ళ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ముక్కల మధ్య ఖాళీ లైన్లన్నీ ఎగిరిపోయాయి. కంపోజ్ చేసిన కుర్రాడు కాగితం మిగిల్చానని సంతోషంగా చెప్పాడు. చిన్న పెద్రో దొడ్లో కూర్చుని, వాన చుక్కలు రాలుతుంటే, సుసానాతో కలిసి గాలిపటాలు ఎగరేసిన రోజులు తలుచుకుంటుంటాడు, బయట అమ్మ ఇంతసేపు ఏం చేస్తున్నావురా అని అరుస్తుంటుంది. నలభై ఏళ్ళో అంతకంటే ఎక్కువో దూరంలో ఉన్న ఆ ముక్క నేరుగా హువాన్ గదిలోకి అతుక్కుపోయింది. ప్రచురణకర్తకి కూడా తల తిరిగింది. ప్రతి ముక్కకీ ‘పెద్రో - చిన్నతనం’, ‘హువాన్ - ప్రస్తుతం’ అని శీర్షికలు పెడదామా అని అడిగారు. అలాంటి పట్టిక నా దగ్గర ఉంది, గోడకి అంటించిన అట్టముక్కల మీద: ఎవరు, ఎప్పుడు, బతికా చచ్చా. అది వంటింట్లో ఉండాల్సింది, విస్తట్లో వడ్డించేది కాదని చెప్పాను. ఖాళీ లైన్లు వెనక్కి వచ్చాయి, శీర్షికలు రాలేదు.

ఇంకోటి కూడా పోయింది, అది వెనక్కి రాదు. తల్లి దొలోరెస్ చెప్పిన కొమాలా, పండిన మొక్కజొన్నతో పచ్చగా పసుపుగా ఉన్న మైదానం, రాత్రిపూట తెల్లగా వెలిగే ఊరు, మూలంలో వాలు అక్షరాల్లో వస్తుంది. తెలుగు అక్షరాలకి వాలు రూపం మన అచ్చు సంప్రదాయంలో లేదు. కంప్యూటర్ బలవంతాన వంచితే తలకట్లు తాగి తూలినట్టుంటాయి. ఆ భాగాలు ఎడమవైపు జాగా వదిలి పెట్టించాను. తల్లి మాటల్ని మాత్రం కొంచెం సాగదీసి, ఊరు వదిలొచ్చిన ఆడవాళ్ళు పుట్టింటి గురించి చెప్పే తీరులో రాశాను. అతని జేబులో ఆవిడ ఫోటో ఉంటుంది, వంటింట్లో మూలికల కుండలో దొరికింది, ఒళ్ళంతా సూది పోట్లలాంటి చిల్లులు. గుండె దగ్గరున్న చిల్లు పెద్దది, మధ్యవేలు పట్టేంత. స్పానిష్‌లో మధ్యవేలిని గుండె వేలు అంటారు. ఆ మాట తెలుగులోకి రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదు.

చివరి పేజీ

పెళ్ళాం చనిపోయి, పాతిపెట్టడానికి డబ్బుల్లేక, తాగి వచ్చిన అబుందియో కత్తితో పొడుస్తాడు. పెద్రో పారమో కాసేపు కుర్చీలో కూర్చుని, లేచి, నాలుగడుగులు వేసి, నేలకి టప్పున తగిలి, రాళ్ళకుప్పలా రాలిపోతాడు. నేను ‘రాలిపోయాడు’ అని రాశాను. టీచరమ్మగారు ఆ పేజీ చదివి, కళ్ళజోడు తీసి, “రాళ్ళయిపోయాక కూడా ఇంకా ‘డు’ ఎందుకమ్మా వీడికి?” అన్నారు.

స్పానిష్‌లో ఈ ప్రశ్నే రాదు, అక్కడ క్రియకి మనిషైనా రాయైనా ఒకటే. మూలంలో ‘అన్నట్టు’ ఉంది, నిజంగా రాళ్ళయిపోలేదు, కాబట్టి ‘డు’నే న్యాయమని ఆవిడకి చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. కింద టీ పెట్టుకుని మళ్ళీ తెరిచి చూశాను. ఫైల్లో ఇప్పుడు రెండు వాక్యాలూ ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, ‘రాలిపోయాడు’, ‘రాలిపోయింది’, రెంటి పక్కనా ప్రశ్నార్థకంతో.